రోడ్డు పనులతో బస్సు దారి మళ్లిందా? ఎవరిని, ఏమని, ఎలా అడగాలి

మా పక్కింటి మామ్మగారు మంగళవారం పొద్దున్న ఏడున్నరకే స్టాపు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. రిమ్స్‌లో చెకప్. చేతిలో పాలిథిన్ కవరు, అందులో పాత చీటీలు, ఆధార్ కార్డు. తొమ్మిది అవుతుండగా నేనటు వెళ్తే, “ఏటి బాబూ, ఇంకా బస్సు రాలేదేటి?” అని అడిగారు. రాత్రికి రాత్రి రోడ్డు గీకేశారు. బస్సులు తెల్లవారుజాము నుంచే పక్క రోడ్డున పోతున్నాయి. ఒక్క బోర్డు లేదు, చెప్పే మనిషి లేడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సులో ఉచితమే కానీ, ఆ రోజు ఆవిడ పింఛను డబ్బుల్లోంచి ఆటోకి ఇచ్చుకోవాల్సి వచ్చింది.

రోడ్డు వేయొద్దని మనమెవరం అనం. వేసినన్నాళ్లూ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పమంటున్నాం, అంతే. శ్రీకాకుళంలో మా వీధివాళ్లం తిరిగి తిరిగి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు సమస్యను మూడు ముక్కలు చేయండి

మేం మొదట చేసిన తప్పు ఇదే. దుమ్ము, గుంతలు, బస్సు రాకపోవడం, ట్రాఫిక్ జామ్ అన్నీ ఒకే కాగితం మీద రాసి, నలభై సంతకాలు పెట్టి ఒక ఆఫీసులో ఇచ్చాం. “ఇది మా పరిధి కాదు” అని పక్క ఆఫీసుకి పంపారు. అక్కడివాళ్లూ అదే అన్నారు. రెండు వారాలు పోయాయి.

రోడ్డు పని రోడ్డు ఎవరిదో వాళ్లను అడగాలి. బస్సు సంగతి డిపో మేనేజర్‌ని, దారి మళ్లింపు, వన్‌వే, అడ్డంగా పెట్టిన బండ్ల సంగతి ట్రాఫిక్ పోలీసులను అడగాలి. మూడు కాగితాలు, మూడు చోట్లు. రోడ్డు ఆర్ అండ్ బీదా, కార్పొరేషన్‌దా, పంచాయతీరాజ్‌దా, జాతీయ రహదారా అన్నది పని దగ్గర పెట్టే బోర్డు మీద ఉంటుంది. బోర్డు లేకపోతే సచివాలయానికి వెళ్లండి. పట్నంలో వార్డు ఎమినిటీస్ కార్యదర్శి, పల్లెలో ఇంజినీరింగ్ అసిస్టెంట్ చెప్పగలరు. పని ఎప్పుడు మొదలైంది, ఎప్పటికి అవ్వాలి, కాంట్రాక్టర్ ఎవరు అన్నవి కూడా అక్కడే రాసుకోండి.

బస్సు కోసం: ఫిర్యాదుతో పాటు చోటు కూడా చూపించండి

అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఇదే. “బస్సు రావడం లేదు” అంటే డిపోలో “రోడ్డు లేదు కదండీ” అంటారు. ఆ మాట తప్పూ కాదు. సందులోంచి పెద్ద బస్సు తిరగాలంటే మలుపులో చోటు కావాలి, పైన కేబుళ్లు తగలకూడదు, ఎదురుగా ఇంకో బస్సు వస్తే తప్పుకోవాలి. అందుకని ముందు మీరే బస్సులు ఇప్పుడు వెళ్తున్న దారిలో ఒకసారి నడవండి. బస్సు రెండు నిమిషాలు ఆగినా వెనక బండ్లు ఆగిపోని చోటు ఎక్కడుందో చూడండి. నీడ ఉందా, ముసలివాళ్లు కాలవ దాటకుండా రాగలరా, రాత్రి లైటు ఉందా? మాకు వాటర్ ట్యాంకు ఎదురుగా అలాంటి చోటు దొరికింది.

ఆ తర్వాత వారం రోజులు ఒక నోట్‌బుక్కులో రాయండి. ఏ టైముకి ఏ ఊరి బోర్డుతో బస్సు వచ్చింది, ఆగిందా లేదా, స్టాపులో ఎంతమంది మిగిలిపోయారు. “రోజూ ఇబ్బందే” అనే మాట కంటే “గురువారం 8.10కి పదకొండు మంది పిల్లలు మిగిలిపోయారు” అనే లైను బరువైనది.

శ్రీకాకుళంలో ఒకటో డిపో, రెండో డిపో అని రెండున్నాయి. మీ బస్సు ఏ డిపోదో బస్సు మీదే రాసి ఉంటుంది, చూసి వెళ్లండి. కాగితం ఇలా రాస్తే చాలు:

“అయ్యా, మా కాలనీ మీదుగా వెళ్లే బస్సులు రోడ్డు పనుల వల్ల ఈ నెల 3వ తేదీ నుంచి వేరే దారిలో వెళ్తున్నాయి. పనులు పూర్తయ్యేదాకా వాటర్ ట్యాంకు ఎదురుగా తాత్కాలిక స్టాపు ఇప్పించాలని, ఉదయం 7.30, 8.15 ట్రిప్పులు రద్దు కాకుండా చూడాలని, డ్రైవర్లకు, కండక్టర్లకు ఈ విషయం చెప్పించాలని కోరుతున్నాం. వారం రోజుల వివరాలు జతచేశాం.”

ఆ చివరి కోరిక మర్చిపోకండి. స్టాపు ఇచ్చారని డిపోలో తెలిసినా డ్రైవర్‌కి తెలియకపోతే బస్సు ఆగదు. డిపోలు అప్పుడప్పుడు పెట్టే ‘డయల్ యువర్ డీఎం’ కార్యక్రమానికి కూడా ఫోన్ చేయొచ్చు. పదో తరగతి పరీక్షలు, అరసవల్లి రథసప్తమి దగ్గర పడుతుంటే ఆ తేదీలు కాగితంలో రాయండి. మామూలు రోజున సరిపోయే పక్క రోడ్డు రథసప్తమి జనానికి సరిపోదు.

రోడ్డు వేస్తుంటే దగ్గర నిలబడి చూడండి

ఇన్ని కష్టాలు పడ్డాక రోడ్డయినా నిలవాలి కదా. దానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు.

ముందు చూడాల్సింది ఎత్తు. పాత తారు గీకకుండా దాని మీదే వేసుకుంటూ పోతే ఒక్కోసారికి మూడు, నాలుగు సెంటీమీటర్లు పెరుగుతుంది. మూడుసార్లు వేస్తే జానెడులో సగం. అప్పుడు వాన నీళ్లు కాలవలోకి పోవు, మన గుమ్మంలోకి వస్తాయి. కాబట్టి గీకడాన్ని తిట్టుకోకండి, అది మన మంచికే. గీకి వారాల తరబడి వదిలేస్తే మాత్రం గట్టిగా అడగండి.

తారు వేసేముందు దుమ్మంతా ఊడ్చి, జిగురు కోసం పల్చటి తారు ఎమల్షన్ చల్లుతారు. చల్లినప్పుడు అది గోధుమ రంగులో ఉంటుంది, కాసేపటికి నల్లబడుతుంది. నల్లబడ్డాకే పైన వేడి మిశ్రమం పరవాలి. దుమ్ము మీదే పరిస్తే అప్పడంలా లేచిపోతుంది. మిశ్రమం సుమారు 150 డిగ్రీల వేడితో ప్లాంటు నుంచి బయల్దేరుతుంది. అది చల్లారి గడ్డలు కట్టాక వస్తే రోలర్ ఎంత తొక్కినా గట్టిపడదు. వాన పడుతుండగా, తడి నేల మీద వేస్తుంటే వెంటనే వీడియో తీసి, అక్కడ ఇంజినీరు ఉంటే ఆయనకే చూపించండి. మ్యాన్‌హోల్ మూతలు రోడ్డుకి సమంగా వచ్చాయో లేదో కూడా చూడండి. రాత్రిపూట బైకులు పడేది అక్కడే.

పనివాళ్ల మీద మాత్రం అరవకండి. ఆ వేడిలో నిలబడి పనిచేసేవాళ్లు డేట్లు వేసేవాళ్లు కాదు. ఒక బిందె మంచినీళ్లు పెట్టండి.

జవాబు రాకపోతే

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అక్కడ అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. 1100కి ఫోన్ చేసినా నమోదు చేస్తారు. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో దరఖాస్తుకి గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పని ఒప్పందం కాపీ, గడువు, రోడ్డు పాడైతే కాంట్రాక్టర్ ఎన్నాళ్ల వరకు బాగుచేయాలి, ఈ మూడూ అడగండి. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఈ చట్టంలోనే ఉన్నాయి. చాలామందికి ఇది తెలియదు.

మాకు అంత దూరం వెళ్లాల్సిన పని పడలేదు. కాగితం ఇచ్చిన నాలుగో రోజు వాటర్ ట్యాంకు దగ్గర బస్సు ఆగింది. మా వీధి కుర్రాళ్లు ప్లైవుడ్ ముక్క మీద ‘బస్సులు ఇక్కడే ఆగును’ అని పెయింటుతో రాసి స్తంభానికి కట్టారు. తర్వాతి చెకప్‌కి మామ్మగారు అక్కడే ఎక్కారు.

ఇంకొక్క పని మిగులుతుంది. రోడ్డు తయారైనా బస్సులు వెంటనే పాత దారికి రావు. డిపోకి ఎవరో ఒకరు చెప్పాలి. రోడ్డు తెరిచిన రోజునే ఫోటో తీసుకుని డిపోకి వెళ్లి పాత స్టాపు మళ్లీ అడగండి. ఏ రోజు నుంచి బస్సు వస్తుందో రాయించుకున్నాకే ఆ ప్లైవుడ్ బోర్డు విప్పండి.