ఎముక గుల్లబారినోళ్లకి ఇంప్లాంట్ గట్టిగా పట్టాలంటే

మోకాలి మార్పిడో పన్ను ఇంప్లాంటో అనగానే ఇంట్లో అందరూ ఏ కంపెనీది, ఎంతవుతాది అనే అడుగుతారు, టైటానియం ఎంత మంచిదైనా దాన్ని పట్టుకోవాల్సింది ఎముకే కదా, అందుకే ముందు ఎముక సంగతి చూడండి.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేయించండి, అందులో వచ్చే టి-స్కోరు మైనస్ 2.5 గానీ ఇంకా కిందకి గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక గుల్లబారినట్టు. దాంతోపాటే రక్తంలో విటమిన్ డి, కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు కూడా. ఉద్దానం వాళ్లు ఈ క్రియాటినిన్ అసలు వదలొద్దు, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంతుందో మనకి తెలిసిందే, ఎముకలకి ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రానిక్ యాసిడ్ మందు క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీలు ఎంత వడగడుతున్నాయో చెప్పే లెక్క) నిమిషానికి 35 మి.లీ. కన్నా తక్కువున్నోళ్లకి ఇవ్వకూడదు. వాళ్లు కాల్షియం బిళ్లలు, నొప్పి బిళ్లలు కూడా మెడికల్ షాపులో అడిగి వేసేసుకోవద్దు, డాక్టరు చెప్తేనే. కిడ్నీలు బాగున్నోళ్లు మాత్రం రోజూ చోడంబలి (రాగి అంబలి) తాగండి, 100 గ్రాముల చోళ్లలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాది.

ఎముక మందులు ముందునించీ వాడుతుంటే పళ్ల డాక్టరుకి తప్పకుండా చెప్పండి, అరుదుగానే గానీ దవడ ఎముక చచ్చిపోయే ప్రమాదం ఉంది. అలాగని సొంతంగా ఆపెయ్యొద్దు, ఆరు నెలలకోసారి చేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ ఉన్నపళంగా మానేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది.

ఇక చుట్ట. మన సిక్కోలు పల్లెల్లో పెద్దమ్మలు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు, నోటి కేన్సర్ వస్తాదని అందరూ చెప్తారు గానీ పొగ వల్ల ఎముకకి రక్తం తగ్గి ఇంప్లాంట్ సరిగ్గా అతుక్కోకపోవచ్చని ఎవరూ చెప్పరు. ఆపరేషన్‌కి కనీసం నెల ముందే మాన్పించండి, తర్వాత కూడా ముట్టనివ్వొద్దు, దయచేసి ఈ ఒక్కటీ పట్టుబట్టండి.

సర్జన్‌ని మొహమాటం లేకుండా అడగండి: ఇంప్లాంట్‌ని ఎముకకి పట్టించే సిమెంట్ వేస్తారా, విరిగిన ఎముకైతే స్క్రూలు ప్లేటుకే బిగుసుకునే లాకింగ్ ప్లేట్ వేస్తారా, ఎముక కట్టే టెరిపారటైడ్ ఇంజెక్షన్లు మాకు పనికొస్తాయా అని. పంటికైతే గరుకు ఉపరితలం ఉన్న స్క్రూ, కొంచెం బిగువైన రంధ్రం, పైన క్యాప్ పెట్టడానికి మామూలుకన్నా ఎక్కువ నెలలు ఆగడం, వీటి గురించి అడగండి. స్క్రూ సుమారు 150 మైక్రాన్లు (0.15 మిల్లీమీటరు) దాటి కదిలితే చుట్టూ ఎముక బదులు పీచు పెరుగుతాది, అందుకే ఆ వైపు గట్టివి నమలొద్దు.

సిమెంట్ వేసిన తుంటికి మాత్రం చాలాసార్లు మర్నాడే నడిపిస్తారు, జాలిపడి మంచం మీద ఉంచెయ్యకండి, కదలకపోతే ఉన్న ఎముక కూడా కరుగుతాది.