పాత లాప్‌టాప్ పనికొస్తుందో లేదో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

మా పెదనాన్న ఒకసారి ఫోను చేసి, "ఇంటర్నెట్ బిల్లు కట్టాను కదరా, మరి బ్యాంకు సైటు ఎందుకు తెరుచుకోదు?" అని అడిగారు. ఏ సైటుకు వెళ్లినా కనెక్షన్ సురక్షితం కాదనే హెచ్చరిక వస్తోందట. అప్పటికే ఒక మరమ్మతుల దుకాణంలో చూపించారు. మదర్‌బోర్డు (లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) పోయింది, కొత్తది కొనుక్కోండి అని చెప్పి పంపారు. నేను వెళ్లి చూస్తే తెర మూలన తేదీ 2015 జనవరి 1 అని ఉంది. లోపలి బిళ్ల సెల్ అయిపోయి, కంప్యూటర్ ఆపినప్పుడల్లా గడియారం వెనక్కి పోతోంది. సైట్ల భద్రతా ధ్రువపత్రాలు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతాయి కాబట్టి, ఇంకా 2015లోనే ఉన్నాననుకునే యంత్రానికి అవన్నీ చెల్లనివిగానే కనిపిస్తాయి. సీఆర్2032 అనే ఆ సెల్ గడియారాల దుకాణంలో కూడా దొరికింది. కొన్ని లాప్‌టాప్‌లలో దానికి వైరు అతికించి ఉంటుంది; అప్పుడు వైరుతో ఉన్నదే కొనాలి.

అప్పటి నుంచి పాత లాప్‌టాప్ ఎవరు తెచ్చినా ఒక వరుసలోనే చూస్తున్నాను.

1. ముందు బల్ల మీద పెట్టి చూడండి

కరెంటు పెట్టకముందే చదునైన బల్ల మీద ఉంచండి. నాలుగు మూలలూ ఆనకుండా ఊగుతోందా? టచ్‌ప్యాడ్ పైకి ఉబికిందా, నొక్కినా దిగడం లేదా? అయితే లోపల బ్యాటరీ ఉబ్బినట్లే. చార్జింగ్ పెట్టవద్దు, పొడవవద్దు, నొక్కి సరిచేయాలని చూడవద్దు. తీయించి ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి. బ్యాటరీ లేకుండా చార్జర్‌తోనే చాలా లాప్‌టాప్‌లు నడుస్తాయి, కాబట్టి మిగతా పరీక్షలు ఆ తర్వాత చేసుకోవచ్చు.

మూత తెరిచేటప్పుడు మూలను కాకుండా మధ్యలో పట్టుకోండి. మూత మడత పడే కీలు దగ్గర పటపటమని చప్పుడు వచ్చినా, తెర చుట్టూ చట్రం విచ్చుకుంటున్నా లోపల మరలు దిగిన ప్లాస్టిక్ విరిగిపోతోందన్న మాట.

2. అసలు ఆన్ కాకపోతే

చార్జర్ తీసేయండి. బ్యాటరీ ఊడి వచ్చే రకమైతే అదీ తీసి, పవర్ బటన్‌ను ముప్పై సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డులో నిలిచిపోయిన విద్యుత్తు పోతుంది. ఇప్పుడు చార్జర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. వినడానికి నాటు వైద్యంలా ఉంటుంది గానీ దీనితో లేచి కూర్చున్నవి నేను చాలా చూశాను.

వేరే చార్జర్‌తో ప్రయత్నిస్తుంటే దాని మీది అంకెలు చదవండి. వోల్టులు సమానంగా ఉండాలి. ఆంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండవచ్చు, తగ్గకూడదు. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అంటే 65 వాట్లు.

ఫ్యాను తిరుగుతోంది, దీపాలు వెలుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. ఇది మరో రకం జబ్బు. గదిలో లైటు ఆర్పి, ఫోను టార్చిని తెర మీదికి ఏటవాలుగా పట్టండి. మసకగా బొమ్మ కనిపిస్తే తెర వెనుక వెలుగు మాత్రమే పోయింది. ఏమీ కనిపించకపోతే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపండి. టీవీలో బొమ్మ వచ్చిందంటే బోర్డు క్షేమం. లోపం తెరలోనో దాని కేబుల్‌లోనో ఉంది. అక్కడా రాకపోతే ర్యామ్‌ను, అంటే పని జరిగేటప్పుడు సమాచారాన్ని తాత్కాలికంగా ఉంచుకునే మెమొరీ పలకను, అనుమానించాలి. కరెంటూ బ్యాటరీ తీసేసి, ఏదైనా లోహపు వస్తువును ఒకసారి తాకి, ర్యామ్‌ను బయటికి తీయండి. దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి లేకుండా దులిపి మళ్లీ బిగించండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కోటి విడిగా పెట్టి, స్లాట్లు మార్చి చూడండి. ఇంత చేసినా చలనం లేకపోతేనే మదర్‌బోర్డు మాట ఎత్తాలి.

3. ఆన్ అయింది, కానీ నత్తనడక

బాగుచేయడానికి పూనుకునే ముందు ఫొటోలు, పత్రాలు వేరే చోటికి కాపీ చేసుకోండి. హార్డ్‌డిస్క్ నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తుంటే పరీక్షలన్నీ పక్కన పెట్టి ఈ పనే చేయండి.

తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ పనీ చేయకుండానే డిస్క్ నూటికి నూరు శాతం చూపిస్తోందా? పెర్ఫార్మెన్స్ విభాగంలో ఆ డిస్క్ హెచ్‌డీడీ (పాత రకం హార్డ్‌డిస్క్) అని ఉందా? అయితే నెమ్మదికి కారణం చాలా వరకు దొరికినట్లే. పాత హార్డ్‌డిస్క్‌లో గ్రామఫోన్ ముల్లు లాంటిది తిరిగే పళ్లెం మీద అటూ ఇటూ కదిలి సమాచారం వెతకాలి. ప్రతి వెతుకులాటకు పది మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. దాని స్థానంలో పెట్టుకునే ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం డిస్క్‌లో కదిలే భాగమే లేదు. అదే పని మిల్లీసెకనులో పదో వంతు కూడా పట్టకుండా చేస్తుంది. ప్రాసెసర్ పాతదైనా సరే, ఈ ఒక్క మార్పు తెచ్చే తేడా మరేదీ తేదు. డబ్బు ఒకే చోట పెట్టగలిగితే ఇక్కడే పెట్టమంటాను. అదే విభాగంలో మెమొరీ మీద నొక్కితే ర్యామ్ స్లాట్లు ఎన్ని, ఎన్ని నిండాయి అన్నదీ కనిపిస్తుంది. 4 జీబీ ఉంటే 8 చేయించండి.

డిస్క్ ఆరోగ్యానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది 'గుడ్' అంటే సరే. 'కాషన్' అని పసుపు రంగు చూపిస్తే ఆ డిస్క్‌ను ఇక నమ్మవద్దు.

వీడియో చూస్తుండగా హఠాత్తుగా ఆగిపోతుంటే అది వేడి సమస్య. గాలి రంధ్రాల్లో దుమ్ము పేరుకుని ఉంటుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్క తిరగకుండా పుల్లతో ఆపి పట్టుకోండి.

4. బ్యాటరీ లెక్క

విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, దాని వెంటనే బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేయండి. విండోస్ ఒక నివేదిక తయారు చేసి, అది ఎక్కడుందో చెబుతుంది. అందులో రెండు అంకెలు చాలు: డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ. మొదటిది 48,000, రెండోది 21,000 అయితే మిగిలింది 44 శాతం. ఎప్పుడూ ప్లగ్గు పక్కనే కూర్చుని వాడేవారికి అది కూడా చాలు.

5. విండోస్ సంగతి

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌తో పాటు, ప్రాసెసర్ ఇంటెల్‌దైతే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆపైది ఉండాలి. ప్రాసెసర్ పేరులోనే తరం తెలుస్తుంది: ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం, ఐ5-7200యూ అంటే ఏడో తరం.

ఏడో తరమైనంత మాత్రాన పారేయనక్కరలేదు. విండోస్‌కు బదులు వాడుకునే లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని నుంచే నడిపి చూడవచ్చు. ఉన్న విండోస్ చెక్కుచెదరదు. వైఫై, శబ్దం, కెమెరా పని చేస్తున్నాయో లేదో ముందే తెలిసిపోతుంది. విండోస్‌లో పని చేయని వైఫై ఇందులో పని చేస్తే లోపం యంత్రానిది కాదని కూడా తేలుతుంది. తెలుగు చదవడానికీ ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో టైపు చేయడానికీ ఇబ్బంది లేదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో డీటీపీ చేసేవారు మాత్రం విండోస్‌నే అంటిపెట్టుకోవాలి.

6. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల కొంటున్నప్పుడు, పైన చెప్పినవన్నీ దుకాణంలోనే నిలబడి చేయండి. మొహమాటపడితే నష్టం మీకే. మోడల్ పేరు చివరి అక్షరం దాకా చదవండి. ఉదాహరణకు లెనోవో థింక్‌ప్యాడ్ టీ480లో ర్యామ్ స్లాట్లు రెండు; టీ480ఎస్‌లో ఒకటే, మిగతా ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. అతికించిన ర్యామ్ పోతే మార్చుకోలేరు.

అన్నిటికన్నా ముఖ్యం తాళాల సంగతి. ఇలాంటివి చాలా వరకు కంపెనీలు వాడి వదిలేసినవి. బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్లండి; పాస్‌వర్డ్ అడిగితే వద్దనండి. తర్వాత మీ ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి, విండోస్‌ను పూర్తిగా రీసెట్ చేయమనండి. మళ్లీ మొదలయ్యాక ఏదో సంస్థ పేరు చూపించి ఆ సంస్థ ఈమెయిలుతో లాగిన్ కమ్మంటే, ఆ లాప్‌టాప్ ఇంకా పాత కంపెనీ అదుపులోనే ఉంది. నెట్ లేకుండా దాటిస్తామని అమ్మేవారు అంటారు. ఒప్పుకోవద్దు, తర్వాతి రీసెట్‌లో అది మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

రీసెట్‌కు అరగంటైనా పడుతుంది. ఆలోగా అడుగున అంటించిన సీరియల్ నంబరును ఫొటో తీసుకుని, బయోస్‌లో చూపించిన దానితో పోల్చి, సరిపోతే అదే నంబరును బిల్లు మీద రాయించుకోండి.