పసికందు స్నానం: నీళ్లు పట్టకముందే చేయాల్సిన పనులు

తడిసిన పసికందు చేతిలో సబ్బుముక్కలా జారుతుంది. మొదటిసారి స్నానం చేయించేవారికి ఈ సంగతి బిడ్డ నీళ్లలో ఉన్నప్పుడు తెలుస్తుంది. తువ్వాలు పక్కగదిలో ఉండిపోయిందని గుర్తొచ్చేదీ సరిగ్గా అప్పుడే. అందుకే నా లెక్కలో స్నానం పని సగానికి పైగా నీళ్లు పట్టకముందే పూర్తి కావాలి. రెండు తువ్వాళ్లు, రెండు మూడు మెత్తటి గుడ్డలు, దూది, సువాసన లేని పసిపిల్లల సబ్బు, డైపరు, గుండీలు విప్పి పరిచిన బట్టలు, అన్నీ కూర్చున్న చోటి నుంచే ఒక చేత్తో అందాలి. రెండో చెయ్యి చివరిదాకా బిడ్డ దగ్గరే ఉంటుంది మరి. సీసాల మూతలు ముందే తీసి పెట్టుకోండి. ఉంగరాలు, గడియారం తీసేయండి, గోళ్లు కత్తిరించుకోండి.

అసలు మొదటి స్నానానికి అంత తొందర అక్కర్లేదు. పుట్టాక కనీసం 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒంటిమీద కనిపించే తెల్లటి జిడ్డుపూత మురికి కాదు, చర్మానికి కాపలా. దాన్ని రుద్ది తీసేయకూడదు. పైగా ఆ మొదటి గంటల్లో బిడ్డ ఒంటి వేడిని నిలుపుకోవడమే పెద్ద పని. బొడ్డుతాడు ముక్క ఎండి రాలడానికి మామూలుగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. అంతవరకు టబ్బు వద్దు, తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. తుడుస్తున్న భాగాన్ని మాత్రమే తెరిచి, మిగతా ఒళ్లంతా తువ్వాలుతో కప్పి ఉంచాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే స్నానం ఎప్పుడు, ఎలా అన్నది డాక్టరునే అడగాలి.

ఇక నీళ్లు. ముందు చన్నీళ్లు పోసి, తర్వాత వేడినీళ్లు కలపాలి. ఈ వరుస తప్పితే, తిరిగి చూసేలోపు ఎవరో ఒకరు బిడ్డను వేడినీళ్లలోకి దించే ప్రమాదం ఉంటుంది. పసి చర్మం పెద్దవాళ్ల చర్మం కంటే పలుచన, చాలా త్వరగా కాలుతుంది. చేత్తో బాగా కలియబెట్టి, మోచేయి ముంచి చూడండి. వంటింట్లో వేడికి అలవాటుపడిన అరచెయ్యి మోసం చేస్తుంది, మోచేయి అంతగా మోసం చేయదు. థర్మామీటరు ఉంటే 37, 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. లోతు ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు చాలు. బిడ్డ టబ్బులో ఉండగా కుళాయి తిప్పకండి, వేడినీళ్లు కలపకండి. గీజరు వేడిని 49 డిగ్రీలకు మించకుండా పెట్టుకుంటే పొరపాటు జరిగినా దెబ్బ కొంత తగ్గుతుంది.

గది వెచ్చగా ఉండాలి. తలుపులు మూసి, ఫ్యాను ఆపేయండి. పాలు తాగిన వెంటనే వద్దు, ఆకలితో ఉన్నప్పుడూ వద్దు.

నీళ్లలోకి దించే ఆ రెండు మూడు క్షణాలే అసలు కష్టం. కింద ఆధారం పోయినట్టు అనిపిస్తే పసిబిడ్డ ఒక్కసారిగా ఉలిక్కిపడి, రెండు చేతులూ చాచి ఏడుస్తుంది. మీ పట్టు సడలేది అప్పుడే. ఎడమ ముంజేయి బిడ్డ మెడ కిందుగా వెళ్లాలి, తల మీ మణికట్టు మీద ఆనాలి, వేళ్లు అవతలి చంక కింద నుంచి చుట్టి భుజాన్ని పట్టుకోవాలి. కుడిచేత్తో పిరుదులను మోస్తూ, కాళ్లు ముందుగా, నెమ్మదిగా దించండి. ఛాతీ మీద ఒక తడిగుడ్డ పరిచి ఉంచితే ఉలికిపాటు చాలావరకు తగ్గుతుంది. బిడ్డకు చలీ వేయదు. గట్టిగా ఏడిస్తే మీరు చేసేది తప్పనుకోనక్కర్లేదు, చాలామంది పిల్లలు మొదట్లో ఏడుస్తారు.

ముఖానికి సబ్బు వద్దు. కళ్లను తడి దూదితో ముక్కు వైపు నుంచి బయటికి తుడవాలి, ఒక్కో కంటికి వేరే దూది. చెవుల్లో, ముక్కులో పుల్లలు పెట్టకండి. మెడ మడతలు విప్పి చూడండి, కారిన పాలు పెరుగులా పేరుకునేది అక్కడే. మలమూత్రాల చోటు చివర్లో కడగాలి, ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కి. మగపిల్లల అంగం కొనమీది చర్మాన్ని వెనక్కి లాగవద్దు. మొత్తం ఐదు, పది నిమిషాల్లో అయిపోవాలి. రోజూ చేయించాల్సిన పనీ లేదు. డైపరు చోటు ఎప్పటికప్పుడు శుభ్రం చేస్తుంటే వారానికి మూడు స్నానాలు చాలు.

ఈ మధ్యలో ఫోను మోగుతుంది, తలుపు ఎవరో తడతారు. మోగనివ్వండి. మరీ తప్పకపోతే బిడ్డను తువ్వాలులో చుట్టి వెంట తీసుకెళ్లండి. కొద్దిపాటి నీళ్లలో కూడా పసిబిడ్డ మునిగిపోగలదు, అదీ చప్పుడు లేకుండా. టబ్బులో పెట్టే కుర్చీలు, ఆనుడు పీటలు కాపలా కాయవు. ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నప్పుడు మరింత జాగ్రత్త అవసరమని నేనంటాను. ఆమె చూస్తోందని ఆయనా, ఆయన చూస్తున్నాడని ఆమే అనుకుంటారు. బిడ్డ ఎవరి చేతిలో ఉందో పైకి చెప్పుకోండి.

బయటికి తీయగానే ముందు తల తుడవాలి, పసివాళ్ల వేడి ఎక్కువగా పోయేది అక్కడి నుంచే. మడతలను అద్దినట్టు ఆరబెట్టండి, రుద్దకండి. పౌడరు చల్లవద్దు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఎక్కడైనా కాలితే చల్లటి కుళాయి నీళ్లు 20 నిమిషాలు ఆ చోట ధారగా పోయండి, మిగతా ఒంటిని వెచ్చగా కప్పి ఉంచండి. మంచుముక్క, నూనె, వెన్న పూయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. బొడ్డు చుట్టూ ఎరుపు పాకినా, చీము కారినా, దుర్వాసన వచ్చినా, బిడ్డకు జ్వరం తగిలినా ఆ రోజు స్నానం మాట పక్కనపెట్టి వెంటనే డాక్టరుకు చూపించండి.