ఒకే పేపర్ కటింగ్‌తో రకరకాల జాకెట్లు

కొత్త మోడల్ జాకెట్టు కుట్టుకోవాలంటే మొదటినుంచీ కొలతలు తీసి గీయాలేమో అనుకుని చాలామంది ఆగిపోతారు. అక్కర్లేదు. మీ ఒంటికి ఎక్కడా ముడత పడకుండా కూర్చునే ఆది జాకెట్టు ఒక్కటి ఉంటే, దాన్ని బ్రౌన్ పేపర్ మీద పరిచి వెనక భాగం, ముందు భాగం, చెయ్యి విడివిడిగా గీసుకోండి. కుట్టుకు వదిలే గుడ్డ ఇప్పుడే కలపొద్దు, అసలు కుట్టు ఎక్కడ పడుతుందో ఆ గీతే కావాలి. ముందు భాగం మీద డాట్లన్నీ (ఒంటి ఆకారానికి సరిపడేలా గుడ్డని మడిచి వేసే కుట్లు) ఏ చోటికి చూపిస్తున్నాయో ఆ పాయింట్ తప్పకుండా గుర్తు పెట్టండి. ఈ కాగితాన్ని ఎప్పుడూ కత్తిరించకూడదు. ఏ మోడల్‌కైనా దీని మీద ఇంకో కాగితం పెట్టి కాపీ తీసుకుని ఆ కాపీనే మార్చాలి.

చంక రౌండు, చాతీ చుట్టుకొలత జోలికి మాత్రం పోకండి. ఫిటింగ్ అంతా అక్కడే ఉంటుంది, మిగతాది మీ ఇష్టం.

అన్నిటికన్నా తేలిక వెనక మెడ. కాగితం మధ్యకి మడిచి సగమే గీస్తే రెండు వైపులా సమానంగా వస్తుంది. కుండ మెడ, పలక మెడ లాంటి మూలలున్నవాటికి లోపల కాన్వాస్ (గట్టిగా నిలబెట్టే గుడ్డ) అతికించి, తిప్పే ముందు మూల దగ్గర కుట్టుకి ఒక్క పోగు దూరం ఉండేదాకా కత్తెర పెట్టండి, లేకపోతే ఎంత ఇస్త్రీ చేసినా మూల మొద్దుగానే ఉంటుంది. మెడ బాగా దించితే షోల్డర్ దగ్గర మెడ వెడల్పు పావు అంగుళం తగ్గించి, కొంచెం కిందగా డోరీ (ముడేసుకునే తాడు) పెట్టాలి.

బోట్ నెక్ దగ్గర జాగ్రత్త. ముందు మెడ మూడు, మూడున్నర అంగుళాల లోతులో ఉంటుంది కాబట్టి హుక్స్ వెనక్కి పోతాయి. మా చెల్లి నిశ్చితార్థం జాకెట్టుకి ముందు వైపు బోట్ నెక్ వెడల్పుగా గీసి, వెనక కూడా తొమ్మిది అంగుళాలు దించేసి నేను డోరీ పెట్టలేదు, పాపం తను సాయంత్రమంతా భుజం మీదికి లాక్కుంటూనే ఉంది, ఇప్పటికీ ఆ ఫొటోలు చూస్తే నాకు బాధేస్తుంది. ముందూ వెనకా రెండూ వెడల్పయితే జాకెట్టుకి పట్టు ఉండదు. ఒకటి దించితే ఇంకోటి మెడకి దగ్గరగా ఉండాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టం బుట్ట చేతులు. చెయ్యి కాపీ తీసి మధ్య గీత గీయండి, దానికి అటు రెండు, ఇటు రెండు గీతలు అంగుళం ఎడంలో గీసి, పైనుంచి కింద అంచు దాకా కత్తిరించండి, అంచు దగ్గర మాత్రం తెగకుండా వదలాలి. ఇప్పుడు ఒక్కో చీలికనీ ముప్పావు అంగుళం తెరిచి, విసనకర్రలా విచ్చుకున్న ఆ కాగితాన్ని ఇంకో పేపర్ మీద అతికించండి. మధ్యలో ఇంకో అంగుళం ఎత్తు పెంచి రౌండుగా గీస్తే చాలు. కుచ్చు పైభాగంలోనే, షోల్డర్ కుట్టుకి అటూ ఇటూ రెండున్నర అంగుళాల లోపే రావాలి, చంక వైపుకి దిగితే చెయ్యి లావుగా కనిపిస్తుంది. కుచ్చు కోసం పొడవు కుట్టుతో రెండు వరసలు వేసి కింది దారాలు రెండూ కలిపి లాగితే సమానంగా వస్తుంది. ఇంకో సంగతి, జాకెట్టు షోల్డర్ కూడా అర అంగుళం తగ్గించాలి, లేదంటే బుట్ట భుజం మీద నిలబడకుండా కిందికి జారుతుంది. మంగళగిరి కాటన్ అయితే దానంతటదే నిలుస్తుంది. జార్జెట్ లాంటి మెత్తటి గుడ్డకి లోపల నెట్ ముక్క కావాలి.

ప్రిన్సెస్ కట్‌కి చంక డాట్‌నీ, నడుము డాట్‌నీ మొదట గుర్తు పెట్టిన డాట్ల పాయింట్ మీదుగా ఒకే వంపు గీతగా కలిపి ముందు భాగాన్ని రెండు ముక్కలు చేస్తే సరి. కోసిన రెండు అంచులకీ కుట్టు కోసం అర అంగుళం చొప్పున కలపడం మర్చిపోతే చాతీ బిగిసిపోతుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

గుడ్డ విషయానికొస్తే, గద్వాల్, నారాయణపేట లాంటి చీరల బార్డర్ చేతులకి రావాలంటే చెయ్యి కింద అంచు వంపు లేకుండా తిన్నగా గీయాలి, బార్డర్ వంగదు కదా. పోచంపల్లి ఇక్కత్‌కైతే డిజైన్ మధ్య భాగం వెన్ను గీత మీద పడేలా చూసుకుని కత్తిరించండి. ప్లెయిన్ చీర మీదికి పెడన కలంకారీ జాకెట్టు వేస్తే, మిగిలిన ముక్కలతో పైపింగ్ కూడా వచ్చేస్తుంది, పట్టీలు మాత్రం క్రాస్‌లోనే (గుడ్డకి ఏటవాలుగా), అంగుళం పావు వెడల్పున తీయాలి. లైనింగ్ కాటన్ గుడ్డని ముందే తడిపి ఆరేసి ఇస్త్రీ చేయండి, కుట్టాక కుంచించుకుపోతే పైగుడ్డ ఉబ్బుతుంది.

మార్చిన కాగితంతో నేరుగా పట్టుగుడ్డ కోయొద్దు. పాత కాటన్ చీరతో ఒకటి కుట్టి, వేసుకుని, చేతులు పైకెత్తి, కూర్చుని చూడండి. అసలు గుడ్డ కోసేటప్పుడు పక్క కుట్లలో అంగుళంన్నర వదిలితే రెండేళ్ల తర్వాత కూడా వదులు చేసుకోవచ్చు. సరిపోయిన కాగితం మీద తేదీ, మోడల్, ఎంత మార్చారో రాసి మడవకుండా చుట్టి దాచండి, మడత పడ్డచోట కొలత తేడా వస్తుంది.