బ్రూక్నర్ సింఫనీల రికార్డింగ్ కొనే ముందు చూసుకోవాల్సినవి

• ముందు కండక్టర్ పేరు చూడకండి, ఏ వెర్షనో చూడండి. ఆస్ట్రియా స్వరకర్త ఆంటన్ బ్రూక్నర్ తన సింఫనీలను (ఆర్కెస్ట్రా కోసం రాసిన, కొన్ని భాగాలున్న పెద్ద రచనలను) మళ్లీ మళ్లీ తిరగరాశారు. మూడో సింఫనీకి 1873, 1877, 1889 రూపాలున్నాయి. నాలుగోదాంట్లో 1874 నాటి స్కెర్జో (చురుగ్గా సాగే భాగం) పూర్తిగా వేరు. అందరికీ తెలిసిన వేట స్కెర్జోను ఆయన 1878లో కొత్తగా రాశారు. ఎనిమిదోదాని మొదటి భాగం 1887 రూపంలో హోరుగా ముగుస్తుంది, 1890 రూపంలో సన్నగా ఆగిపోతుంది. ఒకటి అనుకుని ఇంకొకటి తెచ్చుకుంటే ఆ నిరాశ అంతా ఇంతా కాదు.

• స్వరలిపిని అచ్చుకు సిద్ధం చేసిన ఎడిటర్ రాబర్ట్ హాసా, లియోపోల్డ్ నోవాకా? ఎనిమిదోదాంట్లో 1890 రూపానికి హాస్ పాత రూపంలోని కొన్ని చోట్లను చేర్చారు, నోవాక్ చేర్చలేదు. నాకు హాస్‌దే నిండుగా అనిపిస్తుంది. ఏడోదాని అడాజియో (నెమ్మదిగా సాగే భాగం) పతాక స్థాయిలో తాళాల (సింబల్స్) మోత నోవాక్‌లో ఉంటుంది, హాస్‌లో ఉండదు. అయితే కొందరు కండక్టర్లు తమకు నచ్చినట్టు మార్చుకుంటారు, కాబట్టి ఆ చోటు విని తేల్చుకోండి.

• పోల్చేటప్పుడు రెండింటిలోనూ అదే చోటు, అదే వాల్యూమ్‌లో వినండి. ఎక్కువ సౌండ్ ఉన్నదే బాగుందనిపించడం సహజం. ఏడోదాని ఆరంభంలో చెల్లోల (పెద్ద వయొలిన్ లాంటి వాద్యాల) రాగం దీనికి చక్కటి పరీక్ష.

• కండక్టర్ ఫుర్ట్‌వాంగ్లర్ 1944 నాటి ఎనిమిదో సింఫనీ రికార్డింగ్ అద్భుతం, కానీ మోనో (స్టీరియో కాదు).

• సెట్ మీద 'కంప్లీట్' అని రాసి ఉన్నా జీరో నంబర్ సింఫనీ (ఆయన తన లెక్కలో చేర్చనిది) ఉందో లేదో చూడండి. తొమ్మిదోదాంట్లో ఆయన పూర్తి చేసినవి మూడు భాగాలే. నాలుగోది ఉంటే, దాన్ని పూర్తి చేసింది వేరేవాళ్లు.