లోడ్ చేసే రోల్ వేరు, చదివే రోల్ వేరు: స్నోఫ్లేక్‌లోకి డేటా తెచ్చే ముందు చేయాల్సినవి

డేటాను దాచి క్వెరీలు నడిపే క్లౌడ్ సర్వీస్ స్నోఫ్లేక్‌లో అకౌంట్ చేతికి రాగానే చాలామంది ఒక టేబుల్ పెట్టేసి ఫైళ్లు ఎక్కించడం మొదలుపెడతారు. యాక్సెస్ సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. ఆ 'తర్వాత' మాత్రం అంత తేలిగ్గా రాదు. ఎందుకంటే స్నోఫ్లేక్‌లో టేబుల్‌ను ఏ రోల్‌తో (హక్కుల మూటతో) సృష్టిస్తే ఆ రోలే దానికి ఓనర్. అన్నింటికంటే పై రోల్ అయిన అకౌంట్‌అడ్మిన్‌లో ఉండి అన్ని టేబుళ్లూ పెడితే అన్నింటికీ అదే ఓనర్ అవుతుంది. లోడ్ జాబ్ ఎర్రర్ ఇవ్వగానే తొందరలో దానికీ అకౌంట్‌అడ్మినే ఇచ్చేస్తారు. రిపోర్ట్ టూల్‌కీ అదే దారి. ఆ స్థితికి వచ్చిన అకౌంట్‌ను విడదీయడం ఎంత కష్టమో చూశాను కాబట్టి నేను ఎప్పుడూ ఒకే వరుసలో వెళ్తాను: ముందు లాగిన్‌లు, తర్వాత రోల్స్, తర్వాత స్టేజ్ (ఫైళ్లు ఎక్కడున్నాయో స్నోఫ్లేక్‌కు చెప్పేది), ఆఖరున డేటా. ఇక్కడ ఉదాహరణకి ఫైళ్లు అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లోని ఎస్3 బకెట్‌లో ఉన్నాయనుకుందాం. ఆర్డర్ల డేటా, అందులో కస్టమర్ ఫోన్ నంబరు, ఈమెయిల్ కూడా ఉన్నాయి.

ముందు లాగిన్‌లు

2024లో స్నోఫ్లేక్ వాడే సంస్థల అకౌంట్ల మీద వరుసగా దాడులు జరిగాయి. సుమారు 165 సంస్థలకు హెచ్చరికలు పంపినట్టు ఆ ఏడాది జూన్‌లో సైబర్ సెక్యూరిటీ సంస్థ మాండియంట్ తన రిపోర్ట్‌లో చెప్పింది. దాడి చేసినవాళ్లు ఏ గోడా బద్దలుకొట్టలేదు. ఇన్ఫోస్టీలర్ మాల్వేర్ ఎప్పుడో కాజేసిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లతో మామూలుగా లాగిన్ అయ్యారు. వాటిలో కొన్ని 2020 నాటివి, అయినా ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. ఆ అకౌంట్లలో ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో రుజువు అడగడం) లేదు, ఏ ఐపీల నుంచి రావచ్చో చెప్పే నెట్‌వర్క్ పాలసీ లేదు. స్నోఫ్లేక్‌లో ఉన్న ప్రతి డేటా ఏఈఎస్-256తో ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది, దానికి మనం చేయాల్సింది కూడా ఏమీ లేదు. కానీ సరైన పాస్‌వర్డ్‌తో వచ్చినవాడికి ఆ డేటా చక్కగా డీక్రిప్ట్ అయ్యే కనిపిస్తుంది. కాబట్టి 'మా డేటా ఎన్‌క్రిప్టెడ్' అన్న మాట దగ్గర ఆగిపోకండి.

మనుషులకు ఎస్ఎస్ఓ (కంపెనీ లాగిన్‌తోనే లోపలికి రావడం) పెట్టండి, లేదంటే ఎంఎఫ్ఏ తప్పనిసరి చేయండి. అకౌంట్‌అడ్మిన్ కనీసం ఇద్దరికి ఉండాలి. ఒక్కరికే ఉంటే ఆయన ఫోన్ పోయిన రోజు అందరికీ టెన్షన్. అయితే ఆ ఇద్దరికీ కూడా అది డిఫాల్ట్ రోల్ కాకూడదు. అవసరమైనప్పుడు ఆ రోల్‌లోకి మారి, పని చూసుకుని, బయటికి వచ్చేయాలి.

జాబ్‌లకు పాస్‌వర్డ్ అసలు ఇవ్వకండి. యూజర్‌ను సృష్టించేటప్పుడే 'టైప్ = సర్వీస్' అని పెడితే ఆ యూజర్ పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వలేడు. కీ-పెయిర్ (ప్రైవేట్, పబ్లిక్ కీల జత) లాంటి వేరే దారిలోనే రావాలి. ఒక్కో యూజర్‌కు పబ్లిక్ కీ పెట్టుకోవడానికి రెండు చోట్లు ఉంటాయి: 'ఆర్ఎస్ఏ_పబ్లిక్_కీ', 'ఆర్ఎస్ఏ_పబ్లిక్_కీ_2'. కీ మార్చాల్సి వచ్చినప్పుడు కొత్తది రెండో చోట పెట్టి, జాబ్‌ను కొత్త కీకి మార్చి, అది సరిగ్గా నడుస్తోందని చూసుకున్నాక మొదటిది తీసేయండి. జాబ్ ఒక్క నిమిషం కూడా ఆగదు. ఆ యూజర్‌కే ఒక నెట్‌వర్క్ పాలసీ తగిలించి, జాబ్ నడిచే సర్వర్ ఐపీ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాకుండా కట్టడి చేయండి. అప్పుడు కీ ఎవరి చేతికి చిక్కినా బయటి నుంచి పనికిరాదు.

రోల్స్ రెండు అంతస్తుల్లో

'సేల్స్' అనే డేటాబేస్, అందులో రెండు స్కీమాలు (టేబుళ్ల విభాగాలు): ఫైళ్లు వచ్చి పడే 'రా', శుభ్రం చేసిన 'మార్ట్'. కింది అంతస్తులో స్కీమాకు తగ్గ చిన్న రోల్స్ పెడతాను: రా_రైట్, రా_రీడ్, మార్ట్_రైట్, మార్ట్_రీడ్. హక్కులన్నీ వీటికే ఇస్తాను. పై అంతస్తులో పని చేసేవాళ్ల రోల్స్: లోడర్, ట్రాన్స్‌ఫార్మర్, అనలిస్ట్. వీటికి నేరుగా ఏ టేబుల్ మీదా హక్కు ఉండదు, కింది రోల్స్‌ను వీటికి గ్రాంట్ చేస్తాను. లోడర్‌కు రా_రైట్ ఒక్కటే. ట్రాన్స్‌ఫార్మర్‌కు రా_రీడ్, మార్ట్_రైట్. అనలిస్ట్‌కు మార్ట్_రీడ్ మాత్రమే. చివరికి అన్నింటినీ డేటాబేస్‌లను చూసుకునే సిస్‌అడ్మిన్ రోల్‌కు గ్రాంట్ చేయాలి. లేకపోతే ఆ రోల్స్ ఓనర్‌గా ఉన్న టేబుళ్లు సిస్‌అడ్మిన్‌కే కనపడకుండా పోతాయి.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే: టేబుల్ మీద సెలెక్ట్ (చదివే హక్కు) ఇచ్చేశాం, అయినా 'ఆబ్జెక్ట్ లేదు లేదా అనుమతి లేదు' అనే అర్థంతో ఎర్రర్ వస్తుంది. టేబుల్ నిజంగా లేకపోయినా, ఉండి హక్కు లేకపోయినా మెసేజ్ ఒకటే. హక్కు లేనివాడికి టేబుల్ ఉందన్న సంగతి కూడా తెలియకూడదు కదా. అప్పుడు చూడాల్సింది పైన ఉన్న మెట్లు: డేటాబేస్ మీద యూసేజ్ (వాడే హక్కు), స్కీమా మీద యూసేజ్, ఆ తర్వాతే టేబుల్ మీద సెలెక్ట్. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా తలుపు తెరుచుకోదు. క్వెరీ నడపడానికి వేర్‌హౌస్ (క్వెరీలను నడిపే కంప్యూటర్ల గుంపు) మీద యూసేజ్ కూడా కావాలి.

రేపు పుట్టబోయే టేబుళ్ల కోసం ఫ్యూచర్ గ్రాంట్ ఉంది. అయితే ఒక మెలిక. ఒకే రకం ఆబ్జెక్టులకు డేటాబేస్ స్థాయిలోనూ స్కీమా స్థాయిలోనూ ఫ్యూచర్ గ్రాంట్లు ఉంటే, ఆ స్కీమాలో పుట్టే కొత్త టేబుళ్లకు స్కీమా స్థాయివే చెల్లుతాయి, డేటాబేస్ స్థాయివి పట్టించుకోదు. అవి వేర్వేరు రోల్స్‌కు ఇచ్చినవైనా అంతే. నిన్నటి టేబుల్ చదవగలిగిన రోల్ ఈరోజు టేబుల్ చదవలేకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. అందుకే నేను స్కీమా స్థాయిలో మాత్రమే ఇస్తాను. స్కీమాను 'విత్ మేనేజ్డ్ యాక్సెస్' అని సృష్టిస్తే టేబుల్ ఓనర్ తన ఇష్టం వచ్చినవాళ్లకు హక్కులు పంచలేడు. స్కీమా ఓనర్, లేదా మేనేజ్ గ్రాంట్స్ హక్కు ఉన్న రోల్ మాత్రమే ఇవ్వాలి. 'మార్ట్'కు ఇది తప్పకుండా పెట్టండి.

స్టేజ్: కీలు ఎక్కడా రాయకుండా

స్టేజ్ సృష్టించేటప్పుడు ఏడబ్ల్యూఎస్ కీ, సీక్రెట్ నేరుగా అందులో రాసే వీలుంది. రాయకండి. కీలు రాయకుండా ఏడబ్ల్యూఎస్ రోల్ ద్వారా బకెట్‌ను చేరే స్టోరేజ్ ఇంటిగ్రేషన్ వాడండి. దాన్ని సృష్టించి, ఏ బకెట్‌లో ఏ ఫోల్డర్ వరకు వెళ్లవచ్చో 'స్టోరేజ్_అలౌడ్_లొకేషన్స్'లో చెప్పండి. మొత్తం బకెట్ కాదు, ఆర్డర్లు వచ్చే ఫోల్డర్ మాత్రమే. తర్వాత 'డిస్క్రైబ్ ఇంటిగ్రేషన్' కొడితే ఒక ఐఏఎమ్ (ఏడబ్ల్యూఎస్ యాక్సెస్ వ్యవస్థ) యూజర్ ఏఆర్ఎన్ (ఆ యూజర్ పూర్తి గుర్తింపు), ఒక ఎక్స్‌టర్నల్ ఐడీ వస్తాయి. వాటిని ఏడబ్ల్యూఎస్‌లో మీ ఐఏఎమ్ రోల్ ట్రస్ట్ పాలసీలో (ఆ రోల్‌ను ఎవరు వాడవచ్చో చెప్పేదానిలో) పెట్టాలి. ఆ రోల్‌కు బకెట్ మీద చదివే, లిస్ట్ చేసే హక్కులు చాలు. డిలీట్ ఇవ్వకండి, లోడ్ అయ్యాక ఫైళ్లు తీసేసే 'పర్జ్' వాడుతుంటే తప్ప.

ఇంటిగ్రేషన్‌లో ఏదైనా మార్చాల్సి వస్తే 'ఆల్టర్' వాడండి. 'క్రియేట్ ఆర్ రీప్లేస్' కొడితే, ఎక్స్‌టర్నల్ ఐడీని మీరే విడిగా ఇచ్చి ఉంటే తప్ప కొత్తది పుడుతుంది. ట్రస్ట్ పాలసీలో పాతదే ఉంటుంది కాబట్టి లోడ్ ఆగిపోతుంది. దానికి కట్టి ఉన్న స్టేజ్‌లు కూడా తెగిపోతాయి.

లోడ్

లోడర్‌కు స్టేజ్, ఫైల్ ఫార్మాట్ మీద యూసేజ్, టేబుల్ మీద ఇన్సర్ట్ ఇవ్వండి. స్నోపైప్ (ఫైళ్లు రాగానే దానంతటదే లోడ్ చేసేది) వాడితే టేబుల్ మీద సెలెక్ట్ కూడా కావాలి. డిలీట్, ట్రంకేట్ ఇవ్వాల్సిన పని లేదు.

ఫైళ్లు కంప్రెస్ అయ్యాక 100 నుంచి 250 ఎంబీ మధ్య ఉంటే లోడ్ బాగా నడుస్తుంది. అంతకంటే చిన్నవి వేలల్లో వస్తే, ఒక్కటే కొండంత ఫైల్ వస్తే ఖర్చూ సమయమూ రెండూ పెరుగుతాయి. మొదటిసారి లోడ్ కమాండ్ 'కాపీ ఇంటూ'ను 'వ్యాలిడేషన్_మోడ్ = రిటర్న్_ఎర్రర్స్'తో నడపండి. ఏమీ లోడ్ అవ్వదు, తప్పులు మాత్రం చూపిస్తుంది.

'ఆన్_ఎర్రర్' మామూలు కాపీకి డిఫాల్ట్‌గా 'అబార్ట్_స్టేట్‌మెంట్', స్నోపైప్‌కు 'స్కిప్_ఫైల్'. జాబ్ ఆగకూడదని 'కంటిన్యూ' పెట్టేవాళ్లు ఉన్నారు. అప్పుడు చెడిపోయిన వరుసలు (రోస్) పక్కకు పోయి మిగతావి లోడ్ అవుతాయి, జాబ్ పచ్చగానే కనిపిస్తుంది. 'కంటిన్యూ' పెట్టక తప్పకపోతే ప్రతి లోడ్ తర్వాత 'వ్యాలిడేట్' ఫంక్షన్‌తో వదిలేసిన వరుసలను ఒక టేబుల్‌లోకి తీసి ఎవరో ఒకరు చూసేలా ఏర్పాటు చేయండి.

ఏ ఫైల్ లోడ్ అయిందో కాపీ కమాండ్ 64 రోజులు గుర్తుపెట్టుకుంటుంది, స్నోపైప్ 14 రోజులు. అందుకే ఒకే కాపీ రెండుసార్లు కొట్టినా డేటా రెండింతలు కాదు. అయితే టేబుల్‌ను ట్రంకేట్ చేస్తే కాపీ కమాండ్ గుర్తు కూడా పోతుంది. డిలీట్ చేస్తే పోదు. వరుసలన్నీ డిలీట్ చేసి మళ్లీ కాపీ కొడితే సున్నా ఫైళ్లు లోడ్ అయ్యాయని వస్తుంది, కారణం అదే. అలాంటప్పుడు తొందరపడి 'ఫోర్స్ = ట్రూ' పెట్టి, దాన్ని జాబ్‌లోనే మర్చిపోతే మర్నాటి నుంచి డూప్లికేట్లు.

ఫోన్ నంబర్లు ఎవరికి కనపడాలి

మాస్కింగ్ పాలసీలు (కాలమ్ విలువను దాచేవి), రో యాక్సెస్ పాలసీలు (ఎవరికి ఏ వరుసలు కనపడాలో చెప్పేవి) ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ నుంచి ఉంటాయి. మొదటి ఫైల్ లోడ్ కాకముందే ఫోన్, ఈమెయిల్ కాలమ్స్‌కు పాలసీ తగిలించండి. వ్యక్తిగత సమాచారం చదివేవాళ్ల కోసం పెట్టిన 'పీఐఐ_రీడ్' అనే రోల్ సెషన్‌లో ఉంటే అసలు విలువ, లేకపోతే చుక్కలు, అంతే పాలసీ. రోల్‌ను పరీక్షించడానికి 'కరెంట్_రోల్' కంటే 'ఈజ్_రోల్_ఇన్_సెషన్' మేలు. వారసత్వంగా వచ్చిన రోల్స్‌ను కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది.

ఈ విషయంలో అన్నింటికంటే నన్ను కలవరపెట్టేది ఒకటుంది. నేను చూసిన ఒక టీమ్‌లో మాస్కింగ్ పక్కాగా పెట్టారు, పరీక్షించారు, ఆడిట్‌కు చూపించారు. ఆ మార్ట్ టేబుల్‌ను కట్టే జాబ్ మాత్రం రోజూ రాత్రి 'క్రియేట్ ఆర్ రీప్లేస్ టేబుల్' కొడుతోంది. అది కొత్త టేబుల్, దానికి పాలసీ ఉండదు. పొద్దున్నే నంబర్లన్నీ అందరికీ కనిపిస్తున్నాయి, ఎర్రర్ ఎక్కడా లేదు. 'కాపీ గ్రాంట్స్' అని చేర్చినా గ్రాంట్లు మాత్రమే నిలుస్తాయి, కాలమ్ పాలసీలు నిలవవు. దీనికి రెండు మార్గాలు. టేబుల్‌ను ఉంచి 'ఇన్సర్ట్ ఓవర్‌రైట్'తో లోపలి డేటా మార్చడం ఒకటి. ట్యాగ్‌కు పాలసీ కట్టి, ఆ ట్యాగ్‌ను స్కీమాకే తగిలించడం రెండోది. అప్పుడు కొత్తగా పుట్టే టేబుల్‌లో ఆ డేటా టైప్ ఉన్న కాలమ్స్‌కు కూడా పాలసీ దానంతటదే వర్తిస్తుంది. నేను రెండూ పెడతాను.

పరీక్షించేటప్పుడు అనలిస్ట్ రోల్‌లోకి మారితే సరిపోదు. సెకండరీ రోల్స్ ఆన్‌లో ఉంటే మీకున్న మిగతా రోల్స్ హక్కులు కూడా కలిసి పనిచేస్తాయి, అనలిస్ట్‌కు కనపడనిది మీకు కనపడుతుంది. ముందు 'యూజ్ సెకండరీ రోల్స్ నన్' కొట్టి, అప్పుడు సెలెక్ట్ చేసి చూడండి.

లాగ్స్

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు కాకుండా, వారానికి ఒకసారైనా స్నోఫ్లేక్ తనే లాగ్స్ ఉంచే అకౌంట్ యూసేజ్ స్కీమా తెరవండి. లాగిన్_హిస్టరీలో మొదటి ఫ్యాక్టర్ పాస్‌వర్డ్‌గా ఉండి రెండో ఫ్యాక్టర్ ఖాళీగా ఉన్న విజయవంతమైన లాగిన్‌లు ఎవరివో చూడండి. గ్రాంట్స్_టు_యూజర్స్‌లో అకౌంట్‌అడ్మిన్ ఎవరెవరికి ఉందో చూడండి. ఎంటర్‌ప్రైజ్‌లో ఉంటే, ఫోన్ నంబర్ల కాలమ్‌ను ఎవరు చదివారో యాక్సెస్_హిస్టరీ చెబుతుంది, ఏడాది వెనక్కి వెళ్లి చూడవచ్చు. ఈ వ్యూలు కొన్ని గంటలు ఆలస్యంగా నిండుతాయి, కాబట్టి ఇప్పుడే జరిగింది ఇప్పుడే కనపడలేదని కంగారు పడకండి.

ఎవరైనా టీమ్ వదిలి వెళ్తే ఆ రోజే 'ఆల్టర్ యూజర్'తో 'డిజేబుల్డ్ = ట్రూ' పెట్టండి. లాగిన్ ఆగిపోతుంది, నడుస్తున్న క్వెరీలు కూడా ఆగిపోతాయి. టేబుళ్లకు ఓనర్ రోల్ కాబట్టి వాటికేమీ కాదు. ఆయన సొంత యూజర్‌తో ఏదైనా జాబ్ నడుస్తోందా అని మాత్రం ముందే క్వెరీ_హిస్టరీలో చూసి, ఉంటే దాన్ని సర్వీస్ యూజర్‌కు మార్చండి.