కాపురానికి కాగితాలు – నాలుగో పాఠం: సాక్షుల లేఖలు, వరసల చిక్కు

అమెరికాలో ఉన్న భర్త లేదా భార్య దగ్గరకు వెళ్ళేవారు, తమ పెళ్ళి నిజమైనదేనని అక్కడి ఇమిగ్రేషన్ అధికారులకు చూపడానికి తెలిసినవారి చేత రాయించే సాక్షి లేఖకు గత పాఠం చివర ఒక నమూనా ఇచ్చాను. అది ఇవ్వకుండా ఉండవలసింది. ఆ తర్వాత నాకు చూపించడానికి వచ్చిన లేఖల్లో చాలావాటిలో నా నమూనాలోని వాక్యాలే, నేను రాసిన క్రమంలోనే ఉన్నాయి. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒక కుటుంబం దస్త్రంలో తాతగారు, పక్కింటి మాస్టారు, పెళ్ళికొడుకు స్నేహితుడు ముగ్గురూ “వీరిద్దరూ ఒకరినొకరు ఎంతో ప్రేమగా, గౌరవంగా చూసుకోవడం నేను స్వయంగా చూశాను” అనే రాశారు. ఆ ముగ్గురూ అబద్ధం చెప్పలేదు, ఆ పెళ్ళి నిజమైనదే. అయినా ఆ మూడు కాగితాలను పక్కపక్కన పెట్టుకుని చదివే అధికారికి, ఎవరో ఒకరు రాసి ముగ్గురి చేతా సంతకం పెట్టించారని తోస్తే ఆయనను తప్పు పట్టలేము, ఎందుకంటే జరిగింది అదే. అందువల్ల ఈసారి చెబుతానన్న అద్దె ఒప్పందాలు, బీమా కాగితాల సంగతి వాయిదా వేసి, మళ్ళీ సాక్షి లేఖనే మొదటి నుంచి చూద్దాం. ఫొటోలు, బ్యాంకు పుస్తకాలు రెండో పాఠంలో అయిపోయాయి కనుక వాటి జోలికి పోను.

అమెరికాలో ఉన్న భర్త లేదా భార్య, తన జీవిత భాగస్వామిని అక్కడికి రప్పించుకోవడానికి దాఖలు చేసే ఐ-130 దరఖాస్తుకు సంబంధించిన సూచనలు సాక్షి నుంచి ఏమి కోరుతున్నాయో ఒకసారి నిదానంగా చదవండి. సాక్షి పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, దంపతులతో బంధుత్వం ఉంటే అది ఏమిటన్నది, ఈ పెళ్ళి గురించి ఆ మనిషికి ఎలా తెలిసిందో వివరంగా – ఇవీ వారు అడిగేవి. ప్రేమ, గౌరవం అనే మాటలు అందులో ఎక్కడా లేవు. “ఎలా తెలిసింది” అన్న ఆ ఒక్క ప్రశ్నకే లేఖలో ముప్పాతిక భాగం పోవాలి. మిగిలిన వివరాలు నాలుగు వరుసల్లో ముగుస్తాయి.

ఎలా తెలిసిందో చెప్పడమంటే ఏమిటో చూపడానికి, రాయగడలో ఉండే ఒక మేనత్తగారు చెప్పగా నేను రాసుకున్న నాలుగు వాక్యాలు, ఆమె అనుమతితో, పేర్లు తీసివేసి ఇక్కడ ఇస్తున్నాను:

“అమ్మాయి తండ్రికి నేను సొంత చెల్లెలిని. 2022లో దీపావళి వెళ్ళిన రెండో రోజున మా కోడలి పురిటికి సాయంగా వచ్చి, అమ్మాయి మా ఇంట్లో మూడు వారాలు ఉంది. రోజూ పొద్దున్న ఆరు గంటలకు వరండాలో కూర్చుని, ఫోనును ఇత్తడి చెంబుకు ఆనించి, ఈమె టీ తాగుతూ ఉంటే అక్కడ అతను రాత్రి భోజనం చేస్తూ మాట్లాడేవాడు. పది పన్నెండు రోజుల తర్వాత ఆ ఫోను ఏడు గంటలకు రావడం మొదలైతే ఏమిటని అడిగాను, అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారని చెప్పింది.”

ఈ లేఖలో పొగడ్త ఒక్కటీ లేదు. కాని దీపావళి ఆ ఏడాది అక్టోబరు 24న వచ్చింది, అమెరికాలో గడియారాలు నవంబరు 6న వెనక్కి జరిగాయి, అమ్మాయి భర్త ఉండే న్యూజెర్సీలో రాత్రి ఎనిమిదిన్నర అంటే అంతవరకు మనకు ఉదయం ఆరు, ఆ తర్వాత ఏడు. ఆ అమ్మాయి ఫోనులోని కాల్ వివరాలు తీసి చూస్తే సరిగ్గా అదే కనిపించింది. ఆ మేనత్తగారికి ఇంగ్లీషు రాదు, ఇమిగ్రేషన్ అంటే ఏమిటో తెలియదు, తన వరండాలో తాను చూసినదే చెప్పింది. అందుకే ఆ మాటకు అంత బలం వచ్చింది. నోటరీ ముద్ర ఈ బలాన్ని ఇవ్వదు. సంతకం చేసినది ఫలానా మనిషే అని మాత్రమే ఆ ముద్ర చెబుతుంది, ఆ మనిషి చెప్పిన దానికి విలువ కట్టదు. ఎక్కువ విలువ ఉన్న స్టాంపు కాగితం కొంటే లేఖకు బరువు పెరుగుతుందని అనుకునేవారు ఆ డబ్బు దాచుకోండి.

సాక్షికి తేదీ గుర్తుండదు, పండుగ గుర్తుంటుంది. “రథయాత్రకు ముందు వారం”, “ఠాకురాణి జాతర జరిగిన ఏడు” అని ఆమె ఎలా చెబితే అలాగే రాసి, తర్వాత పంచాంగం చూసి నెల, సంవత్సరం దాని పక్కన చేర్చండి. బరంపురంలో ఆ జాతర రెండేళ్ళకొకసారి వస్తుంది కనుక ఏ ఏడన్నది తేలికగా తేలుతుంది. నెల పేరును మాత్రం అక్షరాల్లోనే రాయాలి. 05-11-2022 అంటే మనకు నవంబరు ఐదు, అమెరికా వారికి మే పదకొండు.

ఇక నన్ను ఎక్కువ బాధపెడుతున్న విషయానికి వస్తాను. బరంపురంలో అనువాదపు పని చేస్తున్న ఇన్నేళ్ళలో, మంచి దస్త్రాలను అనవసరంగా అనుమానంలో పడేసినవాటిలో మన వరసల కంటే పెద్దది నేను చూడలేదు. తెలుగులో పెదనాన్న కొడుకు అన్నయ్యే, పెద్దమ్మ కొడుకూ అన్నయ్యే, ఎదురింటి అబ్బాయీ అన్నయ్యే. పెదనాన్న కొడుకు తన లేఖలో “నేను పెళ్ళికొడుకుకు అన్నయ్యను” అని రాస్తాడు, అనువదించినవాడు దానిని ఇంగ్లీషులో తోడబుట్టిన అన్న అని అర్థం వచ్చేలా రాస్తాడు. మరొక కాగితంలో పెళ్ళికొడుకు తన తల్లిదండ్రులకు తాను ఒక్కడే సంతానమని రాసి ఉంటాడు. ఇంటర్వ్యూకు ముంబై వెళ్ళిన అమ్మాయిని “మీ ఆయనకు అన్నదమ్ములు ఎందరు” అని అడిగితే “ఎవరూ లేరు” అంటుంది. ఆమె చెప్పింది నిజం, లేఖ చెప్పిందీ తెలుగులో నిజమే, రెండూ కలిపి చదివితే మాత్రం ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నట్టు కనిపిస్తుంది.

అత్త అనే మాట తీసుకోండి. నాన్నకు తోడబుట్టినది అత్త, మేనమామ భార్య అత్త, కట్టుకున్నవాడి తల్లి కూడా అత్తే. వదిన అంటే అన్న భార్య కావచ్చు, భర్తకు అక్క కావచ్చు, మేనమామ కూతురు కావచ్చు. బావ అంటే అక్క భర్త, మేనత్త కొడుకు, భర్తకు అన్న. తాతగారి తమ్ముడిని కూడా మనం తాతగారనే అంటాము, ఆయన లేఖలో “నా మనవరాలు” అని ముద్దుగా రాసుకుంటాడు, అప్పుడు అమ్మాయికి తాతలు ముగ్గురవుతారు. ఇక మేనరికం పెళ్ళిళ్ళలో ఒకే మనిషి అమ్మాయికి మేనమామా, మామగారూ అవుతాడు. అటువంటప్పుడు ఒక బంధుత్వం రాసి రెండోది దాచడం చాలా తప్పు. రెండూ రాయాలి. మన ఆచారం ఒప్పుకున్న ఇటువంటి పెళ్ళిని 1955 నాటి హిందూ వివాహ చట్టం ఒప్పుకుంటుంది. కాని అమెరికాలో కొన్ని రాష్ట్రాలు దగ్గరి బంధువుల పెళ్ళిని గుర్తించవు కనుక, అలా చేసుకున్నవారు ఈ పాఠంతో ఆగకుండా దరఖాస్తుకు ముందే అక్కడి వకీలును అడగాలి.

ఒడియా, తెలుగు కలిసిపోయిన మన ఇళ్ళలో ఇంకొక చిక్కు ఉంది. గంజాం వైపు ఒడియా మాట్లాడే కొన్ని ఇళ్ళలో పెద్దన్నను ‘ననా’ అని పిలుస్తారు. ఫోను సందేశాల్లో దానినే ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్, ఏ, ఎన్, ఏ అని కొడతారు. మన పిల్లలు ‘నాన్న’ను కూడా అవే నాలుగు అక్షరాలతో కొడతారు. మొన్న ఒక దస్త్రంలో అబ్బాయి “ననా రేపు హైదరాబాదు వెళ్తున్నాడు” అని భార్యకు పంపిన సందేశాన్ని, తండ్రి వెళ్తున్నాడని ఎవరో అనువదించారు. ఆ తండ్రి అప్పటికి రెండేళ్ళ క్రితమే పోయారు. ఆయన మరణ పత్రం అదే దస్త్రంలో ఉంది. ఆ కాగితం అలాగే వెళ్ళి ఉంటే ఆ దంపతుల గతి ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

దీనికి నేను పాటించే పద్ధతి ఒకటి ఉంది. వరస మాటను ఎక్కడా ఒంటరిగా వదలను, దాని పక్కనే దారి రాస్తాను: “అన్నయ్య, అంటే మా నాన్నగారి అన్నకు కొడుకు” అని. మూల లేఖలోనే సాక్షి చేత అలా రాయిస్తే, అనువాదంలో ఎవరూ సొంతంగా ఏమీ కలపనక్కర్లేదు.

అనువాదం గురించి కొద్దిగా. సాక్షికి ఏ భాష చదవడం వస్తే ఆ భాషలోనే లేఖ ఉండాలి. ఇంగ్లీషు రాని ముసలమ్మ చేత ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయించడం నాకు సుతరామూ నచ్చదు. తెలుగు లేదా ఒడియా లేఖ వెంట పూర్తి ఇంగ్లీషు అనువాదం పెట్టి, అనువాదం సంపూర్ణమని, ఖచ్చితమని, తనకు రెండు భాషలూ వచ్చునని అనువాదకుడు రాసి సంతకం చేస్తే నియమం నెరవేరుతుంది. దంపతులు తమ లేఖలను తామే అనువదించుకోకపోవడం మంచిదని నా అభిప్రాయం.

పుట్టిన ఊరు రాసేటప్పుడు జిల్లా చూసుకోండి. రాయగడ, గజపతి జిల్లాలు 1992 అక్టోబరు 2న ఏర్పడ్డాయి. అంతకు ముందు పుట్టిన సాక్షి పాత కాగితాల్లో రాయగడ కొరాపుట్ జిల్లాలో, పర్లాకిమిడి గంజాం జిల్లాలో ఉంటాయి. రాష్ట్రం పేరు కూడా 2011కు ముందు కాగితాల్లో ఒరిస్సాయే. “రాయగడ, అప్పటి కొరాపుట్ జిల్లా” అని రాస్తే సరిపోతుంది. ఒడియా రాతలో మన వరలక్ష్మి బరలక్ష్మి అవుతుంది కనుక, ఓటరు కార్డులో పేరు అలా ఉంటే లేఖలో రెండు రూపాలూ చూపండి.

ప్రతి లేఖకూ ఒక నకలు మీ దగ్గర ఉండాలి. అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్ళై రెండేళ్ళు నిండకపోతే షరతులతో రెండేళ్ళ గ్రీన్ కార్డే ఇస్తారు. అది ముగిసే ముందు 90 రోజుల్లో, ఆ షరతులు తీసేయమని కోరే ఐ-751 దరఖాస్తు దాఖలు చేస్తూ కాపురాన్ని మళ్ళీ రుజువు చేయాలి. అప్పుడు అదే మేనత్తగారు మళ్ళీ రాయవలసి రావచ్చు, మొదటిసారి ఏమి చెప్పిందో ఆమెకు గుర్తుండదు.

అభ్యాసం ఈసారి కష్టంగానే ఉంటుంది. ముగ్గురు సాక్షులను ఎంచుకోండి, వారిలో ఒకరైనా బంధువు కానివారై ఉండాలి. ముగ్గురినీ ఒకే గదిలో కూర్చోబెట్టకుండా, వేర్వేరు రోజుల్లో కలిసి, ఒక్కొక్కరి దగ్గర అరగంట కూర్చోండి. వారు చెబుతున్నప్పుడు అందించవద్దు, సరిదిద్దవద్దు, వారి మాటల్లోనే రాసుకోండి. ప్రతి ఒక్కరి నుంచి, మిగిలిన ఇద్దరికీ తెలియని సంఘటనలు రెండు, పెళ్ళి రోజుకు సంబంధం లేనివి, రావాలి. రాకపోతే ఆ సాక్షిని గౌరవంగా విడిచిపెట్టి మరొకరిని వెతకండి. ఆ తర్వాత ఒక తెల్ల కాగితం మీద రెండు కుటుంబాల వరసల పట్టిక గీసి, లేఖల్లో వచ్చిన ప్రతి అన్న, అత్త, బావ, తాత ఆ పట్టికలో ఎక్కడ ఉన్నారో గుర్తుపెట్టి, దరఖాస్తులోని కుటుంబ వివరాలతో పోల్చండి. ఒక్క మనిషికి చోటు దొరకకపోయినా లేఖ మళ్ళీ రాయించాలి.

నాకు ఆ పట్టికను మాత్రమే పంపండి. లేఖలు పంపవద్దు, వాటిని చూస్తే దిద్దాలనిపిస్తుంది.